అగ్రపూజ టెట్రిస్‌కే

1980ల నాటి వీడియో గేములలో ఏది ఉత్తమం అన్న మాట వస్తే చాలు, నలభై దాటిన మన మిత్రులలో పదిమందికి తొమ్మిదిమంది 'సూపర్ మారియో బ్రదర్స్' అని తీర్పు చెప్పి, ఇక విచారణ అక్కరలేదన్నట్లు లేచిపోతారు. కారణం ఏమని నిలదీస్తే రెండు సమాధానాలు వస్తాయి: నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవని ఒకటి, చిన్నతనంలో ఆడుకున్నామని మరొకటి. ఇవే ప్రమాణాలైతే తెలుగులో పెద్దబాలశిక్షను మించిన కావ్యం లేదు. దాని ముద్రణలకు లెక్క లేదు. తాతల నాటి నుంచి ఇంటింటా పిల్లలు చదివినదే. అయినా దానిని తెచ్చి మనుచరిత్ర పక్కన పీట వేసి కూర్చోబెట్టే సాహసం ఎవరూ చేయలేదు కదా!

ధర్మరాజు రాజసూయంలో అగ్రపూజ ఎవరికన్న ప్రశ్న వచ్చినప్పుడు భీష్ముడు ఒక్క పేరు చెప్పాడు. నేనూ ఒక్క పేరే చెబుతాను: టెట్రిస్. శిశుపాలురు లేస్తారని తెలుసు. లేవనివ్వండి. నూరు ఆక్షేపణల దాకా వినే ఓపిక నాకున్నది. చక్రం మాత్రం లేదు.

గురులఘువులు గుణించుకునే పండితుడికి ఈ గొడవ ఎందుకని ఒకరిద్దరు మిత్రులు ఇప్పటికే చమత్కరించారు. నా వృత్తి అంతా ఈ గొడవే. ఒక రచన ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు నిలవలేదు అని పిల్లల చేత చెప్పించడమే ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని. వస్తువు మారితే విమర్శ నియమాలు మారిపోవు.

ముందుగా అమ్మకాల సంగతి తేల్చేద్దాం. 1982లో అటారీ సంస్థ ఒక సినిమా పేరుమీద 'ఈ.టీ.' అనే ఆటను అయిదారు వారాలలో రాయించి విడుదల చేసింది. అది లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది కూడా. మరుసటి ఏడు, అంటే 1983లో, మిగిలిపోయిన సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే బయటపడింది. కొన్నవారి సంఖ్య దానిని కాపాడలేకపోయింది. నిజానికి ఈ లెక్క నాకు అనుకూలమే. 1989లో అమెరికాలో గేమ్‌బాయ్ పెట్టెతో పాటు టెట్రిస్‌ను జతచేసి ఇచ్చారు కనుక కోట్ల లెక్క దానికీ ఉన్నది. కానీ ఆ దన్ను నాకు వద్దు. పెట్టెతో వచ్చినదానిని జనం ఎన్నుకున్నదని చెప్పడం పెళ్ళిభోజనానికి వచ్చినవారందరూ హరికథ కోసమే వచ్చారని చెప్పడం వంటిది. మారియో కూడా చాలామంది ఇళ్ళకు అలా పెట్టెతోనే వచ్చింది.

మారియోకు గుణాలు లేవని నేననను. 1985లో షిగెరు మియామోతో బృందం దానిని 40 కిలోబైట్లలో ఇమిడ్చింది. స్థలం చాలక మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. ఇది శ్లేషాలంకారం కాక మరేమిటి? ఇక మొదటి ఘట్టం ఉన్నదే, బోధనాభ్యాసన శాస్త్రం చెప్పే కళాశాలలన్నిటిలో పాఠంగా పెట్టదగినది. ఒక్క అక్షరం సూచన లేదు. ఎదురుగా ఒక పురుగు వంటి ప్రాణి నడిచి వస్తుంది, ఎగరకపోతే చస్తావు, ఎగురుతావు. పైనున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు వస్తుంది. అది అటు పోయి గొట్టానికి తగిలి తిరిగి నీ మీదికే వస్తుంది. తగిలితే పెద్దవాడివి అవుతావు. చెప్పకుండా నేర్పడం ఇంత చక్కగా చేసిన పాఠ్యపుస్తకం నా సర్వీసులో నాకు తారసపడలేదు.

కానీ ఆ తరువాత? ఆ పురుగు రేపూ అక్కడి నుంచే వస్తుంది. ఎల్లుండీ అక్కడి నుంచే. గొయ్యి ఉన్నచోటే ఉంటుంది, నిప్పుకణిక లేచినచోటే లేస్తుంది. నేర్పరి అంటే ఎవరయ్యా అంటే, ఏది ఎక్కడున్నదో కంఠస్థం చేసి, తప్పకుండా అప్పజెప్పేవాడు. కంఠస్థం నాకు చేదు కాదు, శతకాలు అలాగే నేర్పాను. అయితే అప్పజెప్పడం వేరు, అల్లడం వేరు. మారియోను నడిపించే చేతివాటం సామాన్యం కాదని అభిమానులు అంటారు; ఒప్పుకుంటాను. అది గాయకుడి నేర్పు. నేను వెదుకుతున్నది కవి నేర్పు.

కథ ఉన్నది కదా అంటారు మరికొందరు. ఏమి కథ! రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోవడం, వీరుడు కోటలు దాటి విడిపించడం. మాయలఫకీరును, బాలనాగమ్మను ఊరి నడుమ బుర్రకథలో విన్న జాతికి ఇది కొత్త విద్యా? పైగా ఏడు కోటలు గెలిచిన ఏడుసార్లూ రాకుమారి ఇక్కడ లేదు, మరో కోటలో ఉన్నదన్న కబురే. బాలవర్ధిరాజు అంతగా తిరగలేదు.

ఇప్పుడు టెట్రిస్ పుట్టుక చూడండి. 1984లో, మాస్కోలో, సోవియట్ శాస్త్ర అకాడమీకి చెందిన కంప్యూటింగ్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఉద్యోగి దానిని రాశాడు. ఎలక్ట్రానికా 60 అనే ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తే లేదు. అక్షరాలు మాత్రమే చూపుతుంది. అందుచేత ఆయన చదరపు కుండలీకరణాలను పక్కపక్కన పేర్చి వాటినే ఇటుకలన్నాడు. రంగు లేదు, రాకుమారి లేదు, సంగీతం లేదు. నాలుగేసి గళ్ళు కలిసిన ఏడు ఆకారాలు, ఒక బావి, పైనుంచి కిందికి పడడం, వరుస నిండితే మాయం కావడం. అంతే. తరువాత వదీం గెరాసిమొవ్ అనే బడిపిల్లవాడు దానిని ఐబీఎం యంత్రానికి మార్చాడు; అక్కడి నుంచి ఫ్లాపీల మీద చేతులు మారుతూ దేశాలు దాటింది.

ఆ బావి కొలత అడ్డంగా పది గళ్ళు, నిలువుగా ఇరవై. ఉత్పలమాల పాదానికి అక్షరాలు ఇరవై, యతిస్థానం పదవది. ఇది కాకతాళీయమని నాకూ తెలుసు, నవ్వకండి. కానీ పద్యం కట్టడానికి ఒక్కసారైనా కూర్చున్నవారికి ఆ బావి ముందు కూర్చుంటే తెలిసిన చోటికి వచ్చినట్లే ఉంటుంది. పాదం కొలత మారదు. మనసులోకి వచ్చిన మాట కొలతకు కుదరాలి. కుదరని మాటను పక్కన పెడదామంటే వీలు లేదు, అది పడుతూనే ఉన్నది. ఎక్కడో ఒకచోట పెట్టాలి. పెట్టినచోట మిగిలిన సందు నాలుగు పాదాల తరువాత వచ్చి నిన్ను నిలదీస్తుంది.

ఇంకా దగ్గరి పోలిక అవధానం. పృచ్ఛకుడు తరువాత ఏమి అడుగుతాడో తెలియదు, కాలం ఆగదు, ముందు చెప్పినదానితో పొసగాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు కక్షకట్టినట్లు అడ్డుపడతాడు చూశారా, టెట్రిస్‌లో ఎస్, జడ్ ఆకారపు వంకర ముక్కలు వరుసగా రావడం అటువంటిదే. ఇక్కడ గణితజ్ఞులు ఒక విషయం నిరూపించారు. ఆ రెండు ముక్కలనే ఒకటి విడిచి ఒకటిగా ఇస్తూ పోతే ఎంతటివాడైనా చివరికి ఓడవలసిందేనని 1997లో హైడీ బర్గియల్ ప్రచురించిన వ్యాసం చెబుతుంది. రాబోయే ముక్కలన్నీ ముందే తెలిసినా సరే, వాటిని ఉత్తమంగా పేర్చడం కంప్యూటరుకు సైతం అతి కఠిన సమస్యల జాబితాలోకి వస్తుందని 2002లో ముగ్గురు పరిశోధకులు చూపారు. మరొక చిన్న విషయం, ఇది ఎవరైనా కాగితం మీద చేసి చూడవచ్చు. ఏడు ముక్కలనూ ఒక్కొక్కటి తీసుకుంటే ఇరవై ఎనిమిది గళ్ళు. వాటితో నాలుగేడుల దీర్ఘచతురస్రం నిండుతుందా? ఎన్నటికీ నిండదు. చదరంగపు పటంలా నలుపు తెలుపు వేసి చూడండి: ఆరు ముక్కలు రెండు నలుపు రెండు తెలుపు కప్పుతాయి, టి ఆకారపు ముక్క మాత్రం మూడూ ఒకటీ కప్పుతుంది. ఆ ఒక్క ముక్క వల్ల లెక్క సరిపోదు. ఇంత చిన్న సామగ్రిలో ఇంత లోతు దాగిన మరొక ఆట ఆ దశాబ్దంలో ఉంటే చూపించండి.

"అది ఆట కాదు, పజిల్" అన్నది పండితమ్మన్యుల ఆక్షేపణ. పజిల్‌కు పరిష్కారం ఉంటుంది, విప్పితే అయిపోతుంది. దీనికి పరిష్కారం లేదు.

"అయితే గెలుపే లేని ఆట ఏమి ఆట?" అన్నది దానికి పూర్తిగా ఎదురు ఆక్షేపణ. తరచుగా ఈ రెండూ ఒకే నోట వస్తాయి. గెలుపు లేకపోవడం ఆనాటి చాలా ఆటల లక్షణమే. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌కు గెలుపు ఎక్కడున్నది? పార్లరులో పెట్టిన యంత్రాలను నాణేలు రాలాలన్న లెక్కతోనే చేశారు. కుర్రవాడు త్వరగా చావాలి, మళ్ళీ నాణెం వేయాలి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగిడేవారు ఈ సంగతి దాటవేస్తారు. మాస్కోలో ఆ కుండలీకరణాలు పేర్చినవాడికి ఏ గల్లాపెట్టె లెక్కా లేదు. ఆయన ఆటలో ఓటమి నాణెం కోసం పెట్టినది కాదు, ఏడు ముక్కల స్వభావంలోనే ఉన్నది.

ద్వితీయ స్థానం ఇమ్మంటే 1980 నాటి పాక్‌మన్‌కు సంతోషంగా ఇస్తాను. తోరు ఇవాతాని సృష్టించిన ఆ నాలుగు భూతాలకు నాలుగు స్వభావాలు: ఒకటి వెంటపడుతుంది, ఒకటి నాలుగు గళ్ళు ముందుకు పోయి కాపు కాస్తుంది, ఒకటి తోటి భూతం ఉన్నచోటును కూడా లెక్కలోకి తీసుకుంటుంది, మరొకటి దగ్గరికి వచ్చి తానే వెనుదిరుగుతుంది. పాత్రపోషణ అంటే ఇదీ. కానీ ఆ భూతాలు కూడా ఒకే అడుగులకు ఒకేలా స్పందిస్తాయి. దారి కంఠస్థం చేస్తే చాలు. 256వ ఘట్టంలో లెక్క పొంగిపోయి తెర సగం చెత్త అవుతుంది. టెట్రిస్ మాత్రం ఆగలేదా, 2023 డిసెంబరులో 13 ఏళ్ళ అమెరికా బాలుడొకడు నింటెండో ప్రతిని 157వ స్థాయిలో స్తంభింపజేయలేదా అంటారు. చేశాడు. ఆగింది ఆ కార్ట్రిడ్జిలోని ప్రోగ్రాము. తాటాకు చిరిగితే పద్యం చెడిందనము కదా.

నా అసలు వాదన ఇక్కడ ఉన్నది. 1990లలో మన ఊళ్ళలో, బస్టాండు దుకాణాలలో, తిరునాళ్ళలో 'బ్రిక్ గేమ్' పేరిట బూడిదరంగు తెర ఉన్న చౌక బొమ్మలు వచ్చాయి. తరగతిలో బల్లకింద దొరికినవాటిని సాయంత్రం దాకా నా సొరుగులో ఉంచేవాణ్ణి. తిరిగి ఇచ్చేముందు నేనూ ఒక చేయి వేసేవాణ్ణి. ఆ పిల్లలలో ఒక్కరికీ టెట్రిస్ అన్న పేరు తెలియదు, పజిత్నోవ్ ఎవరో తెలియదు, రష్యా ఊసే లేదు. పేరు పోయింది, రంగు పోయింది, పాట పోయి కీచుధ్వని మిగిలింది. అయినా ఆట చెక్కుచెదరలేదు. కర్త పేరు పోయినా నోటినోటా బతికిన చాటుపద్యం లాగా బతికింది. మారియోను ఆ బూడిద తెరమీదికి, ఆ నలుపు గళ్ళలోకి దించండి చూద్దాం, ఏమి మిగులుతుందో. ఆ పరీక్షకు నిలిచే ఆట మరొకటి నాకు కనబడలేదు.

ఆ కర్తకు దక్కినదేమిటో కూడా చెప్పాలి. హక్కులు సోవియట్ ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్ చేతికి పోయాయి. దేశదేశాల కంపెనీలు వాటికోసం కోర్టులకెక్కాయి. పజిత్నోవ్‌కు తన ఆట మీద రాయల్టీ రావడం 1996లో గాని మొదలు కాలేదు. దీనిని జాలి కోసం చెప్పడం లేదు. ఆ పన్నెండేళ్ళూ ఆట ఎవరి దయమీదా బతకలేదని చెబుతున్నాను.

ముసలివాళ్ళ పాత ఆటల తగాదాతో ఏమి ఒరుగుతుందన్న వారికి ఒక లెక్క. 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 ఈనాడు అంగట్లో కొనడానికి దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. దేనిని ఉత్తమమని పదేపదే చెబుతామో దానికే ప్రతులు మిగులుతాయి. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలికితీసి అచ్చువేసేదాకా మన సాహిత్యచరిత్రలో ఆ కవికి చోటే లేదు. అమ్మకాలు చూసి, చిన్ననాటి ముచ్చట చూసి పట్టికలు వేసేవారు దీనిని కాస్త ఆలోచించాలి.

మారియో పక్షం వారి మీద నాకు ఆశ లేదు. 1984లోనే 32 కిలోబైట్ల బీబీసీ మైక్రో యంత్రంలో ఎనిమిది నక్షత్రమండలాలను, ఒక్కొక్కదానిలో 256 లోకాలను కేవలం సూత్రంతో పుట్టించిన 'ఎలైట్' పక్షాన ఎవరైనా నిలబడితే మాత్రం, ఆ పూర్వపక్షం వినదగినదే. సమాధానం నేను సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను.