'చంద్ర' కన్నుమూయరాదు

ఆసుపత్రిలో విరిగిన ఎముకల్ని చూపించే ఎక్స్-కిరణాలు గురుగ్రహం నుంచి కూడా వెలువడుతున్నాయన్న సంగతి 1979లో 'ఐన్‌స్టీన్' రోదసి టెలిస్కోప్ ద్వారా తొలిసారి వెల్లడైంది. భూవాతావరణం ఈ కిరణాలను నేలకు చేరనివ్వదు. వాటిని పరిశీలించాలంటే పరికరాలను రోదసిలోకి పంపక తప్పదు. 1999 జూలైలో అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా' ప్రయోగించిన 'చంద్ర' ఈ రంగంలో కొత్త అధ్యాయానికి నాంది పలికింది. లాహోర్‌లో పుట్టి, మద్రాసులో చదివి, 1983లో నోబెల్ బహుమతి అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దానికి పెట్టడం భారతీయులకు గర్వకారణం.

గురుగ్రహ ఉత్తర ధ్రువం వద్ద ఎక్స్-కిరణాలు నాడి కొట్టుకున్నట్లు దాదాపు 45 నిమిషాలకొకసారి ఉద్ధృతమవుతున్నాయని 2000 డిసెంబర్‌లో 'చంద్ర' గమనించింది. గురుగ్రహ ఉపగ్రహాలైన అయో, యూరోపాల నుంచి సైతం అతి బలహీనంగా ఈ కిరణాలు వస్తున్నాయని కనుగొన్నది కూడా అదే. అయోలోని అగ్నిపర్వతాలు సెకనుకు సుమారు టన్ను పదార్థాన్ని రోదసిలోకి చిమ్ముతున్నాయి. ఆ గంధకం, ఆక్సిజన్ విద్యుదావేశం పొంది గురుగ్రహ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుంటాయి. అవే మహావేగంతో ధ్రువాలపైనా, ఉపగ్రహాల ఉపరితలాలపైనా పడినప్పుడు ఎక్స్-కిరణాలు పుడతాయి.

ధ్రువాల వద్ద ఈ స్పందనలకు కారణమేమిటన్న చిక్కుముడి 2021లో గాని వీడలేదు. 2017 జూలైలో గురుగ్రహం చుట్టూ తిరుగుతున్న 'జూనో' నౌక అక్కడి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుండగా, ఐరోపా టెలిస్కోప్ 'ఎక్స్‌ఎంఎం-న్యూటన్' అదే సమయంలో 26 గంటలపాటు ఎక్స్-కిరణాలను నమోదు చేసింది. అయస్కాంత బలరేఖల ప్రకంపనలే ఆ కణాలను ధ్రువాలవైపు తోస్తున్నాయని రెండింటి సమాచారాన్ని పోల్చినప్పుడు తేలింది. జూనోలో ఎక్స్-కిరణ పరికరం లేదు. టెలిస్కోప్‌కు అయస్కాంత క్షేత్రం కనిపించదు. ఏ ఒక్కటీ ఒంటరిగా ఈ రహస్యాన్ని ఛేదించగలిగేది కాదు.

ఈ గుణపాఠం రాబోయే రోజులకు మరింతగా వర్తిస్తుంది. మంచు పొర కింద మహాసముద్రం ఉన్నదని భావిస్తున్న యూరోపాను పరిశీలించేందుకు 2024 అక్టోబర్‌లో బయలుదేరిన 'యూరోపా క్లిప్పర్' 2030లోనూ, 2023 ఏప్రిల్‌లో బయలుదేరిన ఐరోపా నౌక 'జ్యూస్' 2031లోనూ గురుగ్రహం చేరవలసి ఉంది. ఈ రెండింటిలోనూ ఎక్స్-కిరణ పరికరాలు లేవు. కనుక దూరం నుంచి చూసే కన్ను అప్పటికీ తెరుచుకునే ఉండాలి. కాగా 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం సమర్పించిన బడ్జెట్ ప్రతిపాదన 'చంద్ర' వార్షిక వ్యయాన్ని 6.8 కోట్ల డాలర్ల నుంచి 4.1 కోట్లకు, 2029 నాటికి కేవలం 52 లక్షల డాలర్లకు కుదించాలన్నది. సరిగ్గా నౌకలు గమ్యం చేరే వేళకు టెలిస్కోప్ మూతపడాలన్న మాట!

టెలిస్కోప్ పాతబడిందని, దాని ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం నానాటికీ కష్టమవుతోందని నాసా చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. అయితే అయిదేళ్ల కోసం ఉద్దేశించిన సాధనం పాతికేళ్లకు పైగా పనిచేసిందన్నదీ నిజమే. ఐరోపా తలపెట్టిన కొత్త ఎక్స్-కిరణ టెలిస్కోప్ 2037కు ముందు నింగికెగిరే అవకాశం లేదు. వారసుడు రాకముందే పెద్దను సాగనంపడం పొదుపు అనిపించుకోదు.

ఈ విషయంలో భారత్ ప్రేక్షకపాత్రకు పరిమితం కానవసరం లేదు. గురుగ్రహ మధ్యభాగపు ఎక్స్-కిరణాలను సూర్యుడు శాసిస్తున్న తీరును వివరించిన శాస్త్రజ్ఞుల్లో మన అనిల్ భరద్వాజ్ ఒకరు. 'చంద్రయాన్-2' పంపిన పరికరం చంద్రుడి నేలలోని మూలకాలను ఎక్స్-కిరణాల ద్వారానే గుర్తించింది. యూరోపా మంచులో ఏమున్నదో దగ్గరగా వెళ్లి ఇదే పద్ధతిలో తెలుసుకోవచ్చు. గురుగ్రహానికి ఇకపై ఏ దేశం నౌకను పంపినా అందులో ఒక భారతీయ ఎక్స్-కిరణ పరికరానికి చోటు సంపాదించేందుకు ఇస్రో ఇప్పటినుంచే ప్రయత్నించడం సముచితం. అంతవరకు 'చంద్ర' కన్నుమూయకుండా చూడవలసిన బాధ్యత అమెరికాదే.