150 లీటర్ల సంసారం

ఆ ఇంట్లో మూడు కొళాయిలున్నాయి. వంట దగ్గర ఒకటి, చేతులు కడుక్కోవడానికి ఒకటి, స్నానానికి షవరు. తిప్పగానే నీళ్లొస్తాయి. వేణ్నీళ్లు కూడా! కాకపోతే వాటి వెనకాల మునిసిపాలిటీ లేదు, మేడమీద ట్యాంకు లేదు, పెరట్లో బోరు అసలే లేదు. ఆ ఇంటికి పెరడే లేదు మరి... చక్రాలున్నాయి!

2023 జనవరిలో అమ్మని తీసుకుని అమెరికాలో అక్కావాళ్లింటికి వెళ్లాను. వాళ్లుండేది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో. 'అత్తయ్యగారికి ఎడారి చూపిద్దాం' అంటూ బావ ఓ మోటార్‌హోమ్‌ అద్దెకు తెచ్చాడు. లోపల పొయ్యి, ఫ్రిజ్‌, మంచాలు, బాత్‌రూమ్‌... అన్నీ ఉన్నాయి. అక్కా బావా, తొమ్మిదేళ్ల మేనల్లుడు, అమ్మ, నేను... ఐదుగురం. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. పులిహోర, పచ్చళ్లు, ఇడ్లీ పిండితో సహా బయల్దేరాం.

మేం వెళ్లింది క్వార్ట్‌సైట్‌ అనే ఊరి దగ్గరికి. ఫీనిక్స్‌కి పడమరగా సుమారు 200 కిలోమీటర్లు. చాలా చిన్న ఊరు. కానీ చలికాలం వచ్చిందంటే చాలు, మంచు కురిసే రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ రిటైరైన పెద్దవాళ్లు ఇలాంటి బండ్లేసుకుని వచ్చి వాలిపోతారు. వాళ్లకి 'స్నోబర్డ్స్‌' అని ముద్దుపేరు. ఊరిచుట్టూ ఉన్నది ప్రభుత్వ భూమి. అందులో కొన్నిచోట్ల 14 రోజుల దాకా పైసా కట్టకుండా బండి ఆపుకోవచ్చు. అయితే ఆ ఉచితంలో కరెంటు ఉండదు, కొళాయి ఉండదు, మురుగు గొట్టం ఉండదు. ఇలా ఏ ఆసరా లేకుండా ఉండటాన్ని అక్కడివాళ్లు 'బూన్‌డాకింగ్‌' అంటారు. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలాగ్‌ భాషలో 'బుండోక్‌' అంటే కొండ. ఆ దేశం వెళ్లిన అమెరికా సైనికుల నోట పడి ఇలా మారిందట.

అన్నట్టు, ఆ ఊళ్లో ఓ వింత సమాధి ఉంది. పిరమిడ్‌ ఆకారంలో కట్టి, పైన లోహపు ఒంటె బొమ్మ పెట్టారు. అది హై జాలీ అనే ఒంటెలవాడిది. అసలు పేరు హాజీ అలీ. నీళ్లు దొరకని ఎడారిలో సామాన్లు మోయడానికి గుర్రాలకన్నా ఒంటెలే మేలని అమెరికా సైన్యం ఓ ప్రయోగం చేసింది. వాటిని తోలడం తెలిసిన మనుషులు అక్కడ లేరు. అలా 1856లో సముద్రం దాటి వచ్చినవాళ్లలో ఆయన ఒకడు. ప్రయోగం ఆగిపోయినా ఆయన అక్కడే ఉండిపోయి, 1902లో కన్నుమూశాడు. 'ఒంటెలకే అంత ఆలోచించారంటే ఇక్కడ నీళ్లకి ఎంత కటకటో' అంది అమ్మ. ఆ కటకట మాకు మర్నాడే తెలిసొచ్చింది.

మూడు ట్యాంకులు, ఒక లెక్క

ఇలాంటి బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లకి. రెండోది స్నానం చేసినవీ గిన్నెలు కడిగినవీ వెళ్లే వాడేసిన నీళ్లకి. మూడోది మరుగుదొడ్డిది. మా బండిలో మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు. ఒక గ్యాలన్‌ అంటే దాదాపు మూడు ముప్పావు లీటర్లు. అంటే మొత్తం 150 లీటర్లు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఆ నీటిని కొళాయిలకు ఎక్కిస్తుంది. నిమిషానికి మూడు గ్యాలన్లు తోసే ఆ పంపుని ఆపకుండా వదిలేస్తే పావుగంట తిరక్కుండానే ట్యాంకు ఖాళీ!

ఐదుగురికి, మూడు రోజులకి 150 లీటర్లు. మనిషికి రోజుకి పది. బయల్దేరేటప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు. మొదటి సాయంత్రం అక్క ఇంట్లోలాగే తీరిగ్గా తలస్నానం చేసింది. పిల్లాడు పళ్లు తోముకున్నంతసేపూ కొళాయి కట్టలేదు. నేను ఇడ్లీ పాత్ర ధారకింద పెట్టి తోమాను. మర్నాడు పొద్దున బావ గోడకున్న మీట నొక్కి చూశాడు. నిండుగా వెలగాల్సిన దీపాల్లో అడుగున ఒక్కటే వెలిగింది. మూడోవంతు!

బావ కంగారుపడ్డాడు. 'ఇవాళ్టి నుంచి స్నానాల్లేవు. గిన్నెలు కాగితంతో తుడిచాకే కడగాలి. అత్తయ్యగారూ, మీరు కూడా చెయ్యి కడుక్కునేటప్పుడు కాస్త చూసుకోండి' అన్నాడు. అన్నది మామూలుగానే. అమ్మ 'అలాగే బాబూ' అని ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం.

సాయంత్రం సూర్యాస్తమయం చూద్దామని పిలిస్తే, కుర్చీలోంచి లేవబోయి అమ్మ తూలింది. అక్క చప్పున పట్టుకుంది. కళ్లు తిరుగుతున్నాయంది. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అడగ్గా అడగ్గా చెప్పింది... పొద్దున కాఫీ తర్వాత మాత్ర వేసుకోవడానికి రెండు గుక్కలు తప్ప ఏమీ తాగలేదట!

'నీళ్లు లేవన్నారు కదే... పిల్లాడికి ఉండాలిగా' అంది.

అసలు సంగతేంటంటే, తాగే నీళ్లు ట్యాంకులోవి కావు. బావ రెండు పెద్ద క్యాన్లు విడిగా కొని సీటు కింద పెట్టాడు. ఒకటి విప్పనేలేదు. ఆ ముక్క మాకు తెలుసు. అమ్మకి ఎవరూ చెప్పలేదు. జనవరి కాబట్టి చెమట పట్టదు, దాహం తెలీదు. కానీ ఎడారి గాలి ఒంట్లో తేమని లాగేస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లకి, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఇది ఆటకాదు.

బావ గ్లాసుతో నీళ్లు తెచ్చి తనే అందించాడు. 'తప్పయిపోయింది అత్తయ్యగారూ' అన్నాడు. ఆమె నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, 'మీదేం ఉంది బాబూ, అడగొచ్చుగా నేను' అంది. అడగదు. మన అమ్మలు ఎప్పుడడిగారని! ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రపట్టలేదు. గంటకోసారి అక్క లేచి అమ్మచేత కాసిని నీళ్లు తాగించింది.

ఇంటిని తీసుకెళ్లాలా... నీళ్లే తేవాలా?

పొద్దున్నకి అమ్మ తేరుకుంది. ఇక నీళ్ల సంగతి చూడాలి. బండినే నీళ్ల దగ్గరికి నడపడం ఒక దారి. అంటే పరిచిన పక్కలు, కట్టిన పందిరి, పొయ్యిమీది గిన్నెలు... మొత్తం సర్దాలి. తిరిగొచ్చేసరికి మన చోటు ఉంటుందో లేదో! నీళ్లనే బండి దగ్గరికి తేవడం రెండో దారి. పక్క బండిలోని పెద్దాయన తన పికప్‌ ట్రక్కు తీశాడు, నాలుగు నీలిరంగు క్యాన్లు ఇచ్చాడు. ఒక్కోటీ ఏడు గ్యాలన్లు. నిండితే 26 కిలోలు! కొందరైతే ట్రక్కు వెనక పరుపులా పరుచుకునే ప్లాస్టిక్‌ సంచి వేసుకుని, ఒక్క విడతలో ట్యాంకుకి సరిపడా తెచ్చేసుకుంటారట.

బావా నేనూ బయల్దేరుతుంటే అమ్మ కూడా వస్తానంది. ఊళ్లో నీళ్లు పట్టుకునే చోటికి వెళ్లాం. అక్కడ రెండు కొళాయిలు. దగ్గర్లోనిదానికి పొడుగాటి పైపు తగిలించి ఉంది. బావ క్యాన్‌ మూత తీసి పైపు అందుకున్నాడు.

'ఇవి మంచినీళ్లేనా బాబూ?' అంది అమ్మ.

బావ ఆగి, తలెత్తి బోర్డు చూశాడు. తాగడానికి పనికిరావని రాసుంది! అది మురుగు ట్యాంకులు ఖాళీ చేశాక గొట్టాలు కడుక్కునే కొళాయి. మంచినీళ్లది ఇరవై అడుగుల అవతల ఉంది. ఆ నీళ్లే ట్యాంకులో పోసుంటే మా పళ్లు, గిన్నెలు, ఇడ్లీ పాత్ర అన్నీ వాటితోనే!

అమ్మ పుట్టింది కనిగిరి పక్క పల్లెలో. ఫ్లోరైడ్‌ నీళ్లకి పేరుపడ్డ ప్రాంతం అది. ఏ బావి నీళ్లు తాగాలో, ఏవి వాడుకకో తెలుసుకోవడమే అక్కడ ఆడపిల్లలకి మొదటి చదువు. బిందె ముంచే ముందు ఆ ప్రశ్న వేసుకోవడం ఆమెకి అలవాటు. ఇంగ్లిషు బోర్డు చదవడం మాకొచ్చు. చదవాలని గుర్తొచ్చింది మాత్రం ఆమెకే.

పొయ్యడమూ ఒక పనే

నాలుగు క్యాన్లు, 106 లీటర్లు, క్వింటాలు పైమాటే. వాటిని ఎత్తి పొయ్యబోతే నడుం పట్టేసింది. అప్పుడు పెద్దాయన ఓ ఉపాయం చెప్పాడు. క్యాన్‌ని ట్రక్కు మీద, ట్యాంకు నోటికన్నా ఎత్తులో పెట్టి, శుభ్రమైన సన్నగొట్టంతో దించడమే. పైనుంచి కిందికి నీళ్లు వాటంతటవే జారతాయి. తొందరపడి ఎక్కువ ధార వదిలితే లోపలి గాలి బయటికి రాలేక నీళ్లు ఎగదన్ని మొహాన కొడతాయి. బావకి ఆ స్నానం కూడా అయింది! నింపాక పంపు వేసి, ఒక్కో కొళాయీ తిప్పి ఉంచాలి. మొదట తుస్‌ తుస్‌మని గాలి వస్తుంది. ధార నిలకడగా వచ్చాక కట్టెయ్యాలి.

ఇంకో మాట. పోసుకున్న నీళ్లలో చాలావరకు వాడాక రెండో ట్యాంకులోకే చేరతాయి. అది నిండితే, మంచినీళ్లున్నా వాడుకోలేం. ఆ నీళ్లు నేలమీద పారబొయ్యకూడదు, దానికి కేటాయించిన చోటే వదలాలి. కాబట్టి రెండు లెక్కలూ కలిపి చూసుకోవాలి.

మీ పిల్లలు అక్కడుండి, ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఈ నాలుగు ముక్కలూ చెప్పండి...

* మనుషులెందరు, రోజులెన్ని, నీళ్లెన్ని... బయల్దేరే ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. తాగే నీళ్లు విడిగా ఉన్నాయనీ, వాటికి లెక్కలేదనీ పెద్దవాళ్లకి క్యాన్‌ చూపించి మరీ చెప్పాలి.

* తాగునీటి కోసమే తయారైన పైపు సొంతంగా తీసుకెళ్లాలి. మురుగు గొట్టంతో కలిపి ఒకే అరలో పెట్టకూడదు. కొళాయి మూతిని తుడిచి, కాసేపు నీళ్లు వదిలాకే పట్టుకోవాలి.

* ట్యాంకు నిండుగా ఉంటే బండి 150 కిలోలు బరువెక్కుతుంది. అందుకే దూరం వెళ్లేవాళ్లు, గమ్యానికి దగ్గర్లో మంచి కొళాయి ఉందని తెలిస్తే అక్కడే నింపుకుంటారు.

* చాలా రోజులు వాడని ట్యాంకునీ, అనుమానపు నీళ్లు పోసిన ట్యాంకునీ ఖాళీ చేసి శుద్ధి చెయ్యాలి. 15 గ్యాలన్ల ట్యాంకుకి పావు కప్పు చొప్పున, వాసన కలపని మామూలు బ్లీచ్‌ని నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపి, అన్ని కొళాయిల్లోకీ రానిచ్చి, కొన్ని గంటలు ఉంచాలి. తర్వాత పూర్తిగా వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

మిగిలిన రోజున్నర 106 లీటర్లతో హాయిగా గడిచింది. అమ్మ చెంబుతో గిన్నెలు కడిగి చూపించింది. పిల్లాడు ఆ చెంబు పని తనదేనన్నాడు. చివరికి కాసిని నీళ్లు మిగిలాయి కూడా.

తిరుగుదారిలో వాడికో సందేహం వచ్చింది. 'అమ్మమ్మా, మంచినీళ్లంటే గుడ్‌ వాటరా? మరి బ్యాడ్‌ వాటర్‌ని ఏమంటారు?'

'వాడుక నీళ్లంటాం నాన్నా. నీళ్లని చెడ్డవి అనం' అంది అమ్మ.

ఈమధ్య బావ మళ్లీ ఇలాంటి బండే తీసుకుని వాళ్ల అమ్మానాన్నల్ని తిప్పుకొచ్చాడు. బయల్దేరే ముందు అక్క ఫోటో పంపింది. తాగే నీళ్ల క్యాన్లు సీటు కింద లేవు. గుమ్మంలోనే, అందరికీ కనిపించేలా ఉన్నాయి. పక్కనే ఓ చెంబు.