మెరిపించడం తర్వాత.. ముందు పాడుచేయకండి!

రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రాయని విద్యార్థి దాదాపు ఉండరు. ఒక్క ఉదాహరణ చెప్పమంటే మాత్రం చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు పేరు చెప్పి ఆగిపోతారు. అదీ నలుగురు కలిసి చేసిందే! అందుకే ఈసారి కాస్త వింతగా అనిపించే పని గురించి రాస్తున్నా. పాత అక్రిలిక్ డ్రమ్ముల మీద ఎవరో పూసిన రంగునీ, పడిన గీతల్నీ తీసి మళ్లీ అద్దంలా చేయడం. మన దగ్గర దీనికి ఉద్యోగ ప్రకటన రాదు. అయినా, కంపెనీలు పదేపదే అడిగే ‘జడ్జ్‌మెంట్’ అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు ఆ డ్రమ్ముల సంగతి. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని లుడ్విగ్ కంపెనీ ‘విస్టాలైట్’ పేరుతో అవతలి వైపు కనిపించే డ్రమ్ములు తెచ్చింది. చెక్కకు బదులు అక్రిలిక్ షీటును గుండ్రంగా వంచి, అంచులు అతికించి చేసిన షెల్స్ అవి. లెడ్ జెప్లిన్ బ్యాండు డ్రమ్మర్ జాన్ బోనమ్ తేనెరంగు విస్టాలైట్ సెట్టును 1973లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించాడు. ఆ కచేరీలు 1976లో సినిమాగా కూడా వచ్చాయి. 26 అంగుళాల ఆ బేస్ డ్రమ్మును రాక్ అభిమానులు ఇప్పటికీ చూడగానే గుర్తుపడతారు.

అప్పటి సెట్లు ఈ 50 ఏళ్లలో ఎన్నో చేతులు మారాయి. వ్యానుల్లో ఎక్కించి దించేటప్పుడు గీతలు పడ్డాయి. మోజు తీరాక కొందరు వాటి మీద నల్ల స్ప్రే పెయింట్ కొట్టేశారు. అలాంటి షెల్ ఒకటి మీ చేతికొచ్చింది అనుకుందాం. ఏం చేస్తారు? ‘థిన్నర్ పోసి తుడిచేస్తాం’ అనేవాళ్లే ఎక్కువ. అక్కడే డ్రమ్ము పోయింది!

ఎందుకంటే థిన్నర్‌లో, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ లాంటి ద్రావకాలు రంగుతో పాటు అక్రిలిక్‌నీ కరిగిస్తాయి. చాలా పెయింట్ రిమూవర్లలో ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఇంకా ఘోరం. మన ఊళ్లలో అక్రిలిక్ బోర్డులు చేసేవాళ్లు ముక్కలు అతికించడానికి క్లోరోఫామ్ వాడతారు కదా, ఇది దానికి దగ్గరి బంధువు. అంటే రంగు తీయడానికని మీరు పోసేది నిజానికి అక్రిలిక్‌ను కరిగించి అతికించే పదార్థం. పోనీ శానిటైజర్‌తో తుడిస్తే? ఆల్కహాల్ తగిలితే, లోపల ఒత్తిడి దాచుకున్న పాత అక్రిలిక్‌లో ఎండిన చెరువు మట్టిలా సన్నని నెర్రెలు విచ్చుకోవచ్చు. బోల్టుల కోసం వేసిన రంధ్రాల చుట్టూ, అతుకు పొడవునా ఆ ప్రమాదం ఎక్కువ. ఆ నెర్రెలను ఏ పాలిషూ పోగొట్టలేదు. బీఎస్సీ కెమిస్ట్రీలో ‘లైక్ డిజాల్వ్స్ లైక్’ అని చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు, ఆ ఒక్క వాక్యం విలువ ఒక డ్రమ్ము ఖరీదని ఇక్కడ తెలుస్తుంది.

మరి దారి? సబ్బునీళ్లు, ఓపిక. బోల్టులు, రింగులన్నీ ఊడదీసి, బోల్టు భాగం కింద దాగే చోట గోరంత మేర ముందు పరీక్షించాలి. నున్నటి అక్రిలిక్ మీద స్ప్రే పెయింట్ పట్టు తరచూ అంతంతమాత్రమే. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే పొరలుగా లేవొచ్చు. లేవకపోతే కిరోసిన్ లాంటిదాంతో కొంచెం కొంచెంగా మెత్తబరిచి చూడాలి. అది అక్రిలిక్‌ను సాధారణంగా ఏమీ చేయదు. (గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా అని వేరే చెప్పాలా?) అప్పటికీ వదలని రంగును తర్వాత వాటర్ పేపర్‌కు వదిలేయాలి.

గీతల దగ్గర అసలు తెలివి కావాలి. గోరు అడ్డంగా పోనిస్తే తగులుతోందా? తగలకపోతే పాలిష్‌తోనే పోవచ్చు. తగిలితే 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, 800, 1000, 1500, 2000కి వెళ్లాలి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చాలి, మధ్యలో కడగాలి. ముందు కాగితం గరుకు రేణువొకటి మిగిలినా కొత్త గీత పడుతుంది. తొందరపడి మిషన్ బఫ్ గట్టిగా అదిమితే వేడికి ఉపరితలం మెత్తబడి చారలు పడతాయి. అక్రిలిక్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది మరి. చెక్క డ్రమ్ముకు లోపలి వైపు ఎవరూ చూడరు. దీనికి లోపలి గీత కూడా బయటికి కనిపిస్తుంది, కాబట్టి పని రెట్టింపు. ఊరట ఏంటంటే, రంగు అక్రిలిక్‌లో రంగు మందమంతా ఉంటుంది. పైపొర అరిగినా వెలిసిపోదు.

అరగదీయొచ్చు కదా అని లోతైన గీత ఉన్నచోటే రుద్దుతూ పోతే గుంట పడి, అందులోంచి చూస్తే అవతలివి వంకరగా కనిపిస్తాయి. డ్రమ్ము తోలు కూర్చునే అంచును ముట్టుకుంటే శబ్దమే మారిపోతుంది. కొన్ని గీతల్ని వదిలేయాలి. నా దృష్టిలో ఈ పనిలో డబ్బు వచ్చేది ఆ వదిలేయడానికే! ‘ఈ గీత తీయను, ఎందుకంటే..’ అని డ్రమ్ము యజమానికి కారణం చెప్పగలవాడే పనివాడు. ముందూ తర్వాతా ఫొటోలు పెట్టి రెండు నిమిషాల్లో ముగించే వీడియోలు మన పిల్లలకు ఈ భాగమే చూపించవు.

‘బాగానే ఉంది సార్, జీతం ఎవరిస్తారు?’ అంటారా? డ్రమ్ములకైతే ఇక్కడ ఎవరూ ఇవ్వరు. కానీ ప్రయాణికుల విమానాల కిటికీలూ అక్రిలిక్‌వే. వాటికి పడిన గీతల్నీ ఇలాగే రుద్ది తీస్తారు. ఎంత మందం వరకు తీయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటితే కిటికీ మార్చాల్సిందే. విమానాల మరమ్మతు కేంద్రాలు మన శంషాబాద్‌లోనే ఉన్నాయి. ఆ రంగంలోకి వెళ్లాలంటే తగిన శిక్షణ, డీజీసీఏ లైసెన్సు దారి వేరే ఉంది, చేతిపని ఒక్కటే చాలదు. ప్లాస్టిక్‌ల గురించి పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు హైదరాబాద్, విజయవాడల్లో సీపెట్ కేంద్రాలున్నాయి. పదో తరగతితోనే డిప్లొమా చేయొచ్చు. రోడ్డు పక్క కారు హెడ్‌లైట్లు మెరిపించే పనీ పైకి ఇలాగే కనిపిస్తుంది. కాకపోతే అవి పాలీకార్బనేట్‌వి, రుద్దాక ఎండ తగలకుండా మళ్లీ కోటింగ్ వేయకపోతే కొన్నాళ్లకే పసుపెక్కుతాయి. ఈ తేడా చెప్పగల ఫ్రెషర్‌ను ఇంటర్వ్యూలో ఎవరు మర్చిపోతారు?

విస్టాలైట్ మీకు దొరకదు, దొరికినా ప్రయోగాలకు కొనొద్దు. సైన్‌బోర్డు దుకాణంలో తుక్కు అక్రిలిక్ ముక్క అడగండి. స్ప్రే పెయింట్ కొట్టి, మేకుతో గీతలు గీసి, సగం బాగుచేసి సగం అలాగే వదిలేయండి. ఏ నంబరు కాగితం ఎంతసేపు వాడారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి ఆ ముక్కనూ, నోట్‌బుక్‌నూ వెంట తీసుకెళ్లండి.