రోడ్డు వద్దంటలేం, అడిగి వెయ్యమంటున్నం



మెండోర మండలంల పోచంపాడు చౌరస్తా కాడ పది నిమిషాలు నిలబడి చూడుండ్రి. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఆగకుండ ఉరుకుతుంటయి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా మూడున్నర వేల కిలోమీటర్లకు పైనే ఆ దారి. కొంచెం కిందికి ఆర్మూర్‌ల 63వ నంబరు రోడ్డు దానికి అడ్డం తగుల్తది. బోధన్ చెరుకు పొలాల దిక్కు నుంచి వచ్చి నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగ పోయి, ప్రాణహిత దాటి సిరొంచ, ఇంద్రావతి దాటి బీజాపూర్, ఆ తర్వాత జగదల్‌పూర్. నాలుగు రాష్ట్రాలు. చెన్నూరు దాటినంక చాలా దారి మన గూడేల మధ్యల నుంచే.

ఈ ముచ్చట ఎత్తంగనే ఒక మాట అంటరు: "మీరు అభివృద్ధికి అడ్డం."

ఎవలు అడ్డం? రోడ్డు లేక నిండు గర్భిణిని మంచం మీద మోసుకపోయింది మనం. వాన పడితే వాగు దాటలేక బడి మానింది మన పిల్లలు. రోడ్డు విలువ మనకు తెలిసినంత ఇంకెవలకూ తెల్వదు. మన ప్రశ్న వేరు. గీత ఎవలు గీస్తున్నరు? ఎవలను అడిగి గీస్తున్నరు?

చట్టం ఏమంటదో సూద్దాం. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాల భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలె. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కులు తేల్చే పని పూర్తి కాకముందు మనిషిని లేపొద్దు. 2009 ఆగస్టుల కేంద్ర పర్యావరణ శాఖ ఇంకో అడుగు వేసింది: అడవి భూమి మళ్లించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలె. మంచిగనే ఉంది కదా? 2013 ఫిబ్రవరి 5న అదే శాఖ ఇంకో ఉత్తర్వు తెచ్చింది. రోడ్లు, కాలువలు, పైపులైన్లు, కరెంటు లైన్ల లాంటి పొడుగు ప్రాజెక్టులకు మామూలుగ ఆ సమ్మతి అక్కర్లేదన్నది.

మతలబు గీడనే ఉంది. ఒక్కో ఊర్ల పోయేది సన్నటి పట్టీ. "రెండెకరాలకే ఇంత లొల్లా?" అంటరు. ఆ పట్టీలన్నీ కలిపితేనే కదా రహదారి!

ఇదే 44 మీద పెంచ్ అడవిల పులులు, జింకలు దాటనీకె రోడ్డును పైకి లేపి కింద దారులు ఇడిసిండ్రు. మంచి పని, మనం మెచ్చుకుందాం. పులికి ఏ కాడ దారి కావాల్నో చూసి తెలుసుకున్నోళ్లు, నోరున్న మనిషిని కూసోబెట్టి అడగలేరా?

ఇంకో సంగతి. గోదావరి దాటి ఆదిలాబాద్ ఏజెన్సీకి పోతే ఐదో షెడ్యూల్ ఉన్నది. ఇవతల నిజామాబాద్ జిల్లాల లేదు. రోడ్డు నదిని దాటుతది గాని మన హక్కు దాటదు. ఈడ ఉన్న ఆదివాసీకి పెసా లేదు. చానా మందికి పట్టా సుత లేదు. మా ఇంట్లనే చూసిన. తాత దున్నిన చెలక కొలతల పోయినప్పుడు "కాగితం ఏది?" అన్నరు. తాత చేతులు చూపిచ్చిండు. చేతులకు పరిహారం రాదట.

అందుకే చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చెయ్యాలె. జాతీయ రహదారుల చట్టం 3ఏ నోటిఫికేషన్ పడ్డంక అభ్యంతరం చెప్పనీకె 21 రోజులే టైము. నోటీసు పేపర్ల వస్తది, గూడేనికి పేపరు రాదు. మనమే చదివి, సర్వే నంబర్లు రాసుకొని, ఊర్ల చాటింపు ఎయ్యాలె. 3డీ ప్రకటన పడ్డదంటే భూమి కేంద్రానిదైపోతది. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా పైసల లెక్కే మిగుల్తది.

మనం అడిగేది మూడే. గీత గీయకముందే గ్రామసభ. పట్టా లేకున్నా సాగుల ఉన్నోళ్లకు పరిహారం. 2013 మినహాయింపు రద్దు.

ఇదే 44 మీద నిర్మల్ ఉన్నది. 1860ల రాంజీ గోండును ఉరి తీసిన ఊరు. ఆ దారిన పోయే ప్రతి బండి ఆయన నేల మీదికెళ్లే పోతది. గది మర్సిపోకుండ్రి.

జల్, జంగల్, జమీన్ మనది. జోహార్ రాంజీ గోండు! జోహార్ కుమ్రం భీం!