కొండవారి హక్కు - మన ధర్మము

చైత్రమాసము ప్రవేశించినది. కొరాపుట్ కొండలలో చైత్రపర్వమునకును, సరిహద్దు కావల పాడేరు, అరకు పల్లెలలో ఇటుకల పండుగకును డప్పులు మ్రోగుచున్నవి. పూర్వము ఈ పండుగ దినములలో కొండపల్లెల పురుషులు విల్లంబులతో వేటకు పోయెడివారు. వట్టిచేతులతో మరలివచ్చినవారిపై స్త్రీలు పేడ చల్లి పరిహసించెడివారు. నేడు పండుగ మిగిలినది, వేట మిగులలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుట సమంజసమే. మృగములు క్షీణించిన మాట నిజము. కాని ఆ దోషము నంతయు కొండవాని బాణముపై మోపుట అన్యాయము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మొదలుకొని అడవికి హద్దులు పడినవి, పోడు నేరమైనది. రైలుపట్టాల క్రింది చెక్కలకై గుగ్గిలపు చెట్లు కూలినవి. స్వాతంత్ర్యానంతరము మాచ్‌ఖండ్, ఎగువ కొలాబ్ జలాశయములలో పల్లెలు మునిగినవి. ఆ మాచ్‌ఖండ్ విద్యుత్తే విశాఖపట్టణమునకు వెలుగు నిచ్చినది.

అడవి తప్పిన కుటుంబము అప్పునకై సంతకు దిగినది. అచ్చట తక్కెడ పట్టినవారు పల్లపు సీమల నుండి వచ్చిన వర్తకులు, సారా గుత్తదారులు, వడ్డీ వ్యాపారులు. వారిలో మన తెలుగువారును కలరు. ఏజెన్సీ భూములు అన్యుల పాలు గాకుండ 1917లో మద్రాసు ప్రభుత్వమును, ‘గోతి’ యను అప్పువెట్టిని రద్దుచేయుటకు 1948లో ఒరిస్సా ప్రభుత్వమును శాసనములు చేయవలసివచ్చిన దనగా ఆ బాధ యెంతటిదో ఊహింపవచ్చును.

ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అల్పసంఖ్యాకులమగు మనము రాజ్యాంగము పేర మాతృభాషకు హక్కు కోరుచున్నాము. మనకంటె ముందునుండి యిచ్చట నున్నవారి భూమిహక్కును గూర్చి మౌనము వహించినచో మన కోరికకు బలముండదు. కూవి మాటాడు బిడ్డ పరభాషలో పాఠము వినలేక బడి మానుట మన బిడ్డలకును తెలిసిన కష్టమే.

2013లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశింపగా రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామసభలు నియమగిరిపై బాక్సైటు త్రవ్వకమును ఏకగ్రీవముగా నిరాకరించినవి. అడిగినచో కొండవారు స్పష్టముగా చెప్పగలరు. వారి నడుగుటయే అరుదు.

మన సభ్యులు తక్షణము చేయదగిన పనులు రెండు. చదువుకొన్నవారు 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద దరఖాస్తులు వ్రాయుటలో పొరుగు పల్లెలకు తోడ్పడవలెను. బినామీ పేరున కొండవారి భూమి ననుభవించువా రెవరేని యున్నచో దానిని తిరిగి యప్పగింపవలెను. ఆ భూమి వారిది.