జరిగిన కథ

వారపత్రిక చేతికి రాగానే సీరియల్ పేజీ తీసి, బొమ్మ కింద సన్నటి అక్షరాలతో అచ్చువేసే 'జరిగిన కథ' జోలికి పోకుండా నేరుగా కథలోకి దూకేవారు ఎవరైనా ఉంటారా? ఉంటారు. మా అమ్మ అలాగే చదివేది. ఆ నాలుగు పంక్తులనూ అరచేత్తో మూసిపెట్టి మరీ చదివేది. వారం తప్పితే తప్పింది, ఏం జరిగి ఉంటుందో నేనే పోల్చుకుంటాను, మధ్యన ఈ గుమాస్తా ఎందుకు అనేది.

ఆవిడ చించి, సూదీ దారంతో కుట్టిపెట్టుకున్న సీరియళ్లు పటమటలో మా ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. సగానికి తలలు లేవు. కొన్నిటికి కాళ్లు లేవు. బడి రోజుల్లో నేను చదివినవి అవే. ఒక నవల నాకు పదిహేడో ప్రకరణంతో మొదలయింది. నాయిక ఏడుస్తూ ఉంటుంది, ఎందుకో తెలియదు. నేనొక కారణం కల్పించుకుని చదివాను. చాలా ఏళ్ల తరువాత ఒక గ్రంథాలయంలో మొదటి పదహారు ప్రకరణాలూ దొరికాయి. నిజమైన కారణం నా కారణం ముందు వెలవెలపోయింది సుమండీ!

ఈ పాత సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి మా మేనల్లుడు కారణం. కుర్రవాడు ఇంటర్మీడియేట్ మంచి మార్కులతోనే గట్టెక్కాడు గాని, నీట్‌లో ర్యాంకు దూరంగా పోయింది. మా చెల్లెలు వాణ్ని గుడివాడ నుంచి తెచ్చి మా ఇంట దింపి, బెజవాడలో లాంగ్‌టర్ముకు చేర్చింది. ఈ ఊరికి ఏటా ఎన్ని బళ్ల మామిడికాయలు వస్తాయో అంతమంది లాంగ్‌టర్ము పిల్లలూ వస్తారు కాబట్టి ఇందులో విశేషం లేదు. విశేషమల్లా వాడి సంచీలో పుస్తకాల అడుగున పాత తువ్వాలుతో చుట్టిన పీఎస్ ఫోర్ ఉండటం.

తరగతులు మొదలు కావడానికి ఇంకా మూడు వారాలుంది. ఆ పెట్టెను మా టీవీకి తగిలించాడు. మీట నొక్కగానే పిండిమర తిరిగినట్టు చప్పుడు. తెరమీద బూడిద రంగు కోటలు, కత్తి పట్టుకున్న ఒక ఒంటరివాడు. పేరేమిటిరా అంటే "డార్క్ సోల్స్ త్రీ, మామయ్యా" అన్నాడు.

"మొదటి రెండూ ఆడావా?"

"లేదు. షాపులో ఇదే ఉంది."

సెకండ్ హ్యాండ్ డిస్కులమ్మే కొట్టువాడు ఏది చేతిలో పెడితే అదీ వీడి వరస. ఒకటి ఆడి, ఇచ్చేసి, పైన కొంత కలిపి మరొకటి తెచ్చుకోవడం. మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో మాకూ ఇదే గతి. రెండో భాగం ఎప్పుడూ బల్లమీదే ఉండేది. మొదటి భాగాన్ని ఎవరో పట్టుకుపోయి ఉండేవారు.

అయినా తెలుగు చెప్పే నోరు కదా, ఊరుకోలేక అన్నాను. "ఆదిపర్వం లేకుండా నేరుగా అరణ్యపర్వంలోకి పోతే ఏం అర్థమవుతుందిరా?" వాడు తెరమీంచి చూపు మరల్చకుండానే, "మన భారతం వరసగా రాశారా ఏమిటి?" అన్నాడు.

నా నోట మాట రాలేదు. నిజమే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆది, సభాపర్వాలు ముగించి, అరణ్యపర్వం మధ్యలో కలం ఆపాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ సగాన్ని అలాగే వదిలి, విరాటపర్వం నుంచి పట్టుకుని పదిహేను పర్వాలు చెప్పేశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు, అదీ నన్నయ పేరనే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా. అంటే మధ్యకాలంలో తెలుగు చదువరికి యుద్ధం తెలుసు, స్వర్గారోహణం తెలుసు, పాండవులు అడవిలో చివరి రోజులెలా గడిపారో మాత్రం తెలుగులో తెలియదు. వానలు రాకపోతే ఊళ్లలో విరాటపర్వం విడిగా చదివించుకోవడమూ మనకు ఆచారమే. ఆదిపర్వం అయిందా అని ఏ మేఘమూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతున్న ముక్కను పదో తరగతి తెలుగు మాత్రమే చదివిన కుర్రవాడు నాకే అప్పజెప్పాడు.

ఈ ఆటలు ఎరగనివారికి నాలుగు మాటలు. జపానులో ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేస్తుంది. సూత్రధారి హిదెటాకా మియాజాకి. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2014లో దాని రెండోది (ఇది మాత్రం వేరేవారి చేతిమీదుగా నడిచింది), 2015లో బ్లడ్‌బోర్న్, 2016లో మూడో డార్క్ సోల్స్, 2019లో సెకిరో, 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చాయి. కష్టమైన ఆటలని ప్రపంచమంతా పేరు. చంపిన ప్రతి శత్రువుకూ కొంత ఆర్జన, దాంతో బలం కొనుక్కోవాలి. వీటిలో చాలావాటిలో చస్తే ఆ ఆర్జనంతా చచ్చినచోటే పడి ఉంటుంది. మళ్లీ అంతదూరమూ నడిచి తెచ్చుకోవచ్చు. దారిలో ఇంకోసారి చచ్చామా, గోవింద! అక్కడక్కడ చలిమంటలుంటాయి. వాటి దగ్గర కూర్చుంటే గాయాలు మానుతాయి, కాని చచ్చిన శత్రువులు కూడా దాదాపు అందరూ లేచి కూర్చుంటారు. అంత నిష్పాక్షికమైన దేవుణ్ని నేనింతవరకు చూడలేదు.

కథ ఎవరూ చెప్పరు. దొరికిన ఉంగరం మీద రెండు వాక్యాలు, పాత కవచం మీద మూడు వాక్యాలు, అవి ఏరుకుని మనమే కూర్చుకోవాలి. మియాజాకి చిన్నతనంలో తనకు పూర్తిగా చదవడం రాని ఇంగ్లీషు కథల పుస్తకాలు పట్టుకుని, అర్థంకాని చోట్ల ఊహతో పూరించుకునేవాడట. ఆ మాట విన్నాక ఆయన మా అమ్మకు దూరపు చుట్టమేమో అనిపించింది.

మూడోదానిలో మొదటి పెద్ద శత్రువు పేరు గుండిర్. నిలువెత్తు కత్తి గుచ్చిన విగ్రహంలా మోకాళ్లమీద ఉంటాడు, కత్తి పీకగానే లేస్తాడు. "నువ్వూ ఒకసారి చూడు మామయ్యా" అని కంట్రోలరు నా చేతికిచ్చాడు. నేను పదకొండు సాయంత్రాలు చచ్చాను. అమ్మాయిల జడగంటల్లా వేలాడే ఆ బటన్లలో ఏది దేనికో తెలిసేసరికి నాలుగు సాయంత్రాలు పోయాయి. ఈ వార్తను గుడివాడకు ఎవరు మోశారో గాని (మా ఆవిడ మీద నాకు అనుమానం), చెల్లెలి ఫోను వచ్చింది. "అన్నయ్యా, నువ్వు చదివిస్తావని వాణ్ని నీ దగ్గర పెట్టాను. నువ్వూ వాడితో కూర్చుని ఆడుతున్నావట!" ఆదివారం వారపరీక్ష అయ్యాక రెండు గంటలు, పండగ సెలవుల్లో కొంచెం ఎక్కువ, అంతకు మించదని మాటిచ్చాను. వాడు ఆ మాట నిలబెట్టాడు. నేనే ఒకటి రెండుసార్లు తప్పాను.

మూడోది మొత్తం పూర్తిచేశాడు, చివరి శత్రువుతో సహా. తరువాత బ్లడ్‌బోర్న్ దొరికింది. దాంతో వచ్చింది చిక్కు. మూడోదానిలో డాలు చాటున దాక్కుని ఆడటం నేర్చుకున్నాడు. బ్లడ్‌బోర్న్‌లో డాలు లేదనే చెప్పాలి. దెబ్బ తగిలిన వెంటనే తిరిగి కొడితే పోయిన నెత్తురులో కొంత వెనక్కి వస్తుంది, వెనకడుగు వేస్తే రాదు. అది సగంలో ఉండగా సెకిరో దొరికింది. అక్కడ పక్కకు తప్పుకోవడం కూడా అంతగా పనికిరాదు. ఎదురు నిలిచి, శత్రువు కత్తి మీద పడే క్షణానికి సరిగ్గా మన కత్తి అడ్డం పెట్టాలి. పొర్లి తప్పించుకోవడం అలవాటైన చేయి అక్కడ మాట వినదు. గెనిచిరో అనే విలుకాడి దగ్గర వీడు ఆగిపోయాడు. ఆ డిస్కూ తిరిగి కొట్టుకు చేరింది.

చివరికి దొరికింది మొట్టమొదటి డార్క్ సోల్స్, 2018లో మెరుగుపెట్టి మళ్లీ విడుదల చేసినది. సెకిరో నుంచి వచ్చినవాడికి ఇది ఎడ్లబండి. గురి ఒకరిమీద నిలిపితే నాలుగు దిక్కులకే పొర్లగలం. మూడోదానిలో మొదటినుంచీ ఏ చలిమంట దగ్గరికైనా క్షణంలో ఎగిరిపోవచ్చు. ఇక్కడ సగం ఆట దాకా ఎక్కడికైనా నడకే. ఎటు పోవాలో చెప్పేవాడు లేడు. మొదటి చలిమంట నుంచి ఒక దారి శ్మశానానికి పోతుంది, అక్కడ అస్థిపంజరాలు చితకబాదుతాయి. ఇంకో దారి నీటమునిగిన పట్టణానికి, అక్కడి దయ్యాలకు మన కత్తి తగలదు. మూడోది మెట్లదారి, కొండపైకి. తన్నులు తిన్నవాడే వరస తెలుసుకుంటాడు. మేమిద్దరం రెండు ఆదివారాలు శ్మశానంలోనే ఉన్నాం.

విడుదలైన వరసలోనే ఆడాలని పట్టుబట్టే ఛాందసులున్నారు. వారి మాట తీసెయ్యను. చేసినవాడు ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ దిద్దుకున్నాడో వారికి కనిపిస్తుంది. తరువాతివి ముందు ఆడినవాడికి ఆ తడబాటే కొండంతలై కనిపిస్తుంది. మొదటి డార్క్ సోల్స్‌లో లాస్ట్ ఇజలిత్ అనే చోటు, నామట్టుకు నాకు, ముహూర్తం ముంచుకొస్తుంటే కట్టిన పెళ్లిపందిరిలా తోస్తుంది. కాని వారికి దక్కనిది ఒకటి మాకు దక్కింది. మూడోదానిలో వెన్నెల్లో శిథిలంగా చూసిన ఆనర్ లోండో నగరాన్ని మొదటిదానిలో ఎండపొడలో నిండుగా చూశాం. పాడుపడ్డ కోవెల చూసి వచ్చినవాడికి, దాని కుంభాభిషేకం చూసే యోగం పట్టినట్టు.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం వాడు టీవీ దగ్గరికి రాలేదు. ఫోను చేతిలో పెట్టుకుని మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు. అడిగితే చూపించాడు. నిరుడు వీడి పక్కబెంచీలో కూర్చున్నవాళ్లు తెల్లకోట్లతో, మెడలో స్టెతస్కోపులతో ఫొటోలు పెట్టారు. "వాళ్లు డిసెక్షనుకు పోతున్నారు మామయ్యా. నేను మళ్లీ జీవకణం మొదటి పాఠం దగ్గరున్నాను. రేపు నేను చేరినా, వాళ్లకి నేను జూనియర్ని." జవాబు చెప్పడమే నా ఉద్యోగం. ఆ పూట జవాబు దొరకలేదు. కాఫీ తెచ్చి పక్కన పెట్టి, అటు వెళ్లి, పెట్టె మీట నేనే నొక్కాను.

కొండమీది ఊరు, వంతెన మీద నిప్పులు కక్కే రెక్కల పాము, పైన గుడి. నేను చస్తూ లేస్తూ పోతున్నాను. చప్పుడుకి లేచి వచ్చాడో, నా చావులు చూడలేకనో, గుమ్మంలో నుంచుని "ఎడమకి, ఎడమకి!" అన్నాడు. గుడి పక్కన ఒక లిఫ్టు. ఎక్కాను. అది కిందికి, ఇంకా కిందికి దిగుతోంది. ఏ పాతాళానికో అనుకున్నాను. తలుపు తెరుచుకుంటే ఎదురుగా, వారాలకిందట మేము బయలుదేరిన మొదటి చలిమంట!

వాడు ఒక్క క్షణం తెరవంక చూసి, "ఇన్నాళ్లూ దీని చుట్టూనే తిరిగామా!" అని ఫక్కున నవ్వాడు. నెల రోజుల్లో అదే నవ్వు. క్షణంలో ఎగిరిపోయే సౌకర్యముంటే ఆ లిఫ్టు ఉత్త లిఫ్టే అయ్యేది. నడిచివచ్చినందువల్ల అదొక వింత. కాఫీ చల్లారిపోయింది, మా ఆవిడ మళ్లీ వెచ్చబెట్టి ఇచ్చింది.

మార్చి నుంచి పెట్టెను తువ్వాలులో చుట్టేశాడు. మే నెలలో పరీక్ష రాశాడు. ర్యాంకు వచ్చింది. కోరుకున్న కాలేజీ కాదు, శ్రీకాకుళంలో సీటు. మా చెల్లెలు దూరమని కాసేపు ఏడ్చి, తరువాత కనకదుర్గమ్మ కొండకు వెళ్లి వచ్చింది. వాడు పీఎస్ ఫోర్ నాకు వదిలిపోయాడు. ఆట ఆనర్ లోండో దగ్గర ఆగి ఉంది. "నువ్వే ముగించు" అన్నాడు.

నాకు కొన్ని నెలలు పట్టింది. పరీక్షల పేపర్లు దిద్దిన రాత్రుళ్లు ఒక్కొక్క మంటా దాటుకుంటూ, బూడిద ఎడారిలా ఉన్న చివరి చోటికి చేరాను. అక్కడ గ్విన్ అనే ముసలి రాజు. ఇంతవరకు పెద్ద శత్రువులందరికీ మేళతాళాలతో సంగీతం. ఈయనకు మాత్రం ఒక్క పియానో, మెల్లగా, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు. ఎక్కడో విన్నాననిపించింది. వెంటనే చచ్చిపోయాను కాబట్టి ఆలోచించే వ్యవధి దొరికింది.

రాత్రి పదకొండు దాటింది. అయినా శ్రీకాకుళానికి ఫోను చేశాను. మేలుకునే ఉన్నాడు, అనాటమీ తిరగేస్తున్నాడట. "ఒక్కటి వినరా" అని ఫోను టీవీ ముందు ఆనించి, మళ్లీ ముసలిరాజు దగ్గరికి నడిచాను. పియానో మొదలయింది.

కొంచెంసేపు అటు నుంచి చప్పుడు లేదు. తరువాత, "మామయ్యా, ఇది మూడోదాంట్లో ఆఖరి యుద్ధంలో వచ్చిందే! సగం అయ్యాక వస్తుంది, గుర్తుందా? అప్పుడు నువ్వు వెనక కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నావు."

"ఇదే మొదటిదిరా. అది దీని తరువాతది."

"నాకు మాత్రం అదే ముందు" అన్నాడు వాడు. ఇంతలో రాజు కత్తి దిగింది, నేను చచ్చాను, పాట ఆగింది.

"ఫోను అక్కడే ఉంచు మామయ్యా" అన్నాడు. "మళ్లీ లోపలికి వెళ్లు. ఈసారి కొంచెంసేపు చావకుండా ఉండు, వింటాను."