జేబులో ఫోను ఉంది, అందులో మన లెక్క ఉందా?



నేడు హోసూరు, శూలగిరి, కృష్ణగిరి, బర్గూరు ప్రాంతాల్లో మిల్లు పనికి వెళ్లేవారిలో ఫోను లేనివారు అరుదు. షిఫ్టు దిగి బస్సెక్కగానే పాటలు, సినిమా ముక్కలు, ఊరి కబుర్లు మొదలవుతాయి. అది తప్పని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎనిమిది గంటలు రింగు ఫ్రేముల మధ్య నడిచిన మనిషికి ఆ మాత్రం ఊరట కావాలి. అయితే మన జీతం నుంచి నెలనెలా పట్టుకుంటున్న డబ్బు ఎక్కడికి చేరిందో చూపించే సాధనాలు కూడా అదే ఫోనులో ఉన్నాయి. వాటిని తెరిచి చూస్తున్నవారు మనలో ఎందరు? ఏ యాప్‌లు కార్మికునికి నిజంగా పనికివస్తాయి, వేటికి దూరంగా ఉండాలి అన్న విషయాన్ని ఈ సంచికలో మీ ముందుంచుతున్నాము.

ఒకప్పుడు ప్రావిడెంటు ఫండు లెక్క తెలియాలంటే ఏడాదికొకసారి యాజమాన్యం ద్వారా వచ్చే చీటీయే దిక్కు. అది రాకపోతే టైం ఆఫీసు ముందు నిలబడాలి, గుమాస్తా చెప్పిందే వినాలి. 2014లో ప్రతి సభ్యునికీ యు.ఎ.ఎన్. అనే 12 అంకెల నంబరు ఇవ్వడం మొదలయింది. ఎన్ని మిల్లులు మారినా ఆ నంబరు మారదు. 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఉమంగ్ అనే యాప్‌ను ప్రారంభించింది. ఇది తెలుగులో కూడా పనిచేస్తుంది. ఇందులో ఇ.పి.ఎఫ్.ఓ. విభాగం తెరిస్తే మన పాస్‌బుక్కు కనబడుతుంది. మనం మొట్టమొదట నేర్చుకోవలసిన యాప్ ఇదే.

పాస్‌బుక్కులో ఏమి చూడాలో ఒక ఉదాహరణ చెప్పుకుందాం. పి.ఎఫ్. లెక్కకు తీసుకునే జీతం నెలకు 12,000 రూపాయలు అనుకుందాం. కార్మికుని వాటా 12 శాతం, అంటే 1,440 రూపాయలు. యాజమాన్యం వాటా కూడా 1,440 రూపాయలే. అయితే యాజమాన్యం వాటాలో 8.33 శాతం, అంటే సుమారు 1,000 రూపాయలు పింఛను ఖాతాకు వెళ్తుంది. మిగిలిన 440 రూపాయలు మన ఫండులో పడుతుంది. కాబట్టి పాస్‌బుక్కులో ఆ నెలకు 1,440, 440, 1,000 అనే మూడు అంకెలు ఉండాలి. జీతం చీటీలో 1,440 పట్టుకున్నట్టు ఉండి, పాస్‌బుక్కులో ఆ నెల ఖాళీగా ఉంటే ఏమిటర్థం? మన సొమ్ము దారిలో ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

నెల ముగిసిన 15 రోజుల్లోగా ఈ సొమ్మును జమ చేయడం యాజమాన్యం బాధ్యత. కార్మికుని జీతం నుంచి పట్టుకుని జమ చేయకపోవడం ఆలస్యం మాత్రమే కాదు, నేరం కూడా. పాత శిక్షాస్మృతి 405వ సెక్షను దానిని నమ్మకద్రోహమన్నది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కూడా అదే చెబుతున్నది. అందువల్ల ప్రతి నెలా 20వ తేదీ దాటాక ఒకసారి పాస్‌బుక్కు చూడండి. అంకెలు ఎక్కడానికి కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు. రెండు నెలలు వరుసగా ఖాళీ కనబడితే మాత్రం ఊరుకోవద్దు. మిల్లు మూతపడిన తర్వాత మూడేళ్ల బకాయి బయటపడితే వసూలు చేయడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. రెండు నెలల బకాయిగా ఉన్నప్పుడే పట్టుకుంటే అడగడం సులువు.

పెద్ద ఫోను లేనివారు నిరాశపడనక్కరలేదు. పి.ఎఫ్.లో నమోదైన మీ ఫోను నుంచి 9966044425 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే రెండు రింగుల తర్వాత అదే తెగిపోతుంది, ఖర్చు ఉండదు. చివరిసారి జమ అయిన మొత్తం, నిల్వ మెసేజిగా వస్తాయి. 7738299899 నంబరుకు మెసేజి పంపి కూడా తెలుసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇ.పి.ఎఫ్.ఓ.హెచ్.ఓ. అని కలిపి కొట్టి, ఖాళీ వదిలి యు.ఎ.ఎన్. అని, మళ్లీ ఖాళీ వదిలి టి.ఇ.ఎల్. అని కొట్టాలి. ఆ చివరి మూడక్షరాలు పెడితే జవాబు తెలుగులో వస్తుంది. యు.ఎ.ఎన్. యాక్టివేట్ చేసుకుని, ఆధార్ లేదా బ్యాంకు ఖాతా జత అయి ఉంటేనే ఇవి పనిచేస్తాయి.

ఇక తమిళనాడులో ఉన్న తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. అది పేరు చిక్కు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు పెట్టుకోవడం ఆచారం. ఇక్కడి బడి రిజిస్టర్లలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియలుగా పడుతుంది. దానితో ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకులో ఒక రకంగా, మిల్లు రికార్డులో మరొక రకంగా పేర్లు ఉంటున్నాయి. తెలుగులో పలికే పేరును తమిళంలో రాసి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి దించేసరికి అక్షరాలే మారిపోతున్నాయి. పనిలో ఉన్నంతకాలం ఇది ఎవరికీ పట్టదు. కూతురి పెళ్లికో, ఆపరేషనుకో డబ్బు తీయబోయిన రోజున దరఖాస్తు తిరిగి వస్తుంది. కాబట్టి ఈ వారమే మూడు చోట్లా మీ పేరు, పుట్టిన తేదీ సరిపోల్చుకోండి. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో యు.ఎ.ఎన్. పొందిన సభ్యులు ఇలాంటి వివరాలను తామే ఆన్‌లైనులో దిద్దుకునే వెసులుబాటు 2025 జనవరిలో వచ్చింది. అంతకు ముందు నంబరు పొందినవారు యాజమాన్యం ద్వారా దిద్దించుకోవాలి. పాత కార్మికులు దీనిని రిటైరు అయ్యేదాకా వాయిదా వేయవద్దు.

మిల్లు మారేవారు మరొక విషయం గమనించాలి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఒక మిల్లులో నాలుగేళ్లు, మరొక మిల్లులో ఆరేళ్లు చేసినా, ఖాతాను బదిలీ చేసుకుంటే పదేళ్లు అవుతుంది. మిల్లు మారినప్పుడల్లా పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే మళ్లీ సున్నా నుంచి లెక్క. పాత మిల్లువారు పని మానిన తేదీ వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే పోర్టల్‌లో వేసుకోవచ్చు. అదే పోర్టల్‌లో నామినీ పేరు కూడా నమోదు చేయండి. పనిలో ఉండగా సభ్యుడు మరణిస్తే ఇ.డి.ఎల్.ఐ. బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వచ్చే హక్కు ఉంది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, పెళ్లయ్యాక ఆ సంగతే మరిచినవారు మనలో చాలామంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషిని వారసత్వ పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిప్పవద్దు.

ఇ.ఎస్.ఐ. సేవలు కూడా ఉమంగ్‌లో ఉన్నాయి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. 2019 జూలై నుంచి కార్మికుని చందా 0.75 శాతం, యాజమాన్యం చందా 3.25 శాతం. 12,000 రూపాయల జీతానికి మన వంతు 90 రూపాయలు, వారి వంతు 390 రూపాయలు. ఇక్కడ రూపాయలతోపాటు పనిదినాల సంఖ్య కూడా చూడాలి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే, జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు భృతి వస్తుంది. నెలకు 26 రోజులు పనిచేసిన మనిషికి 10 రోజులే చూపితే ఎవరు నష్టపోతారు? దూది ధూళిలో పనిచేసి దగ్గు పట్టిన మనిషే. 26 వారాల ప్రసూతి భృతి పొందవలసిన సోదరీమణులకు కూడా ఈ రోజుల లెక్కే ఆధారం. పని చేసిన రోజులను మీరు విడిగా రాసుకుంటేనే తేడా పట్టుకోగలరు. ఫోనులోని క్యాలెండరు అందుకు చాలు.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షను చెప్పింది. ఎక్కువమంది భాష తమిళమైన చోట తెలుగు నోటీసు ఉండదు. మనలో తమిళం మాట్లాడగలిగి చదవలేనివారు ఉన్నారు. కుప్పం వైపు నుంచి వచ్చేవారికి మాట కూడా అంతంతమాత్రమే. గూగుల్ ట్రాన్స్‌లేట్ యాప్‌లో కెమెరా తెరిచి నోటీసు మీద పెడితే తమిళం తెలుగులోకి మారి కనబడుతుంది. అచ్చు అక్షరాలను బాగానే చదువుతుంది, చేతిరాత దగ్గర తడబడుతుంది. సెలవు తేదీలు, షిఫ్టు మార్పులు తెలుసుకోవడానికి అది చాలు. కాని సంతకం పెట్టవలసిన కాగితం విషయంలో యంత్రం చెప్పిన అర్థాన్ని నమ్మవద్దు. ఫోటో తీసి, చదవగలిగిన తోటి కార్మికునికి చూపించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఫోనును గేటు దగ్గరే పెట్టించే మిల్లులో కాగితం నకలు అడిగి బయటికి తెచ్చుకోండి.

ఆంధ్ర రేషను కార్డు ఉండి ఇక్కడ పనిచేస్తున్న కుటుంబాలకు 2021 మార్చిలో వచ్చిన మేరా రేషన్ యాప్ పనికివస్తుంది. ఒకే దేశం, ఒకే రేషను కార్డు పథకం కింద మీకు ఎంత ధాన్యం రావాలో, దగ్గరలో ఏ షాపు ఉందో అందులో చూడవచ్చు. ఆధార్, చదువు సర్టిఫికెట్ల వంటివి దాచుకోవడానికి 2015లో వచ్చిన డిజిలాకర్ ఉంది. జీతం చీటీని మాత్రం ప్రతి నెలా ఫోటో తీసి పెట్టుకోవలసింది మనమే. పి.ఎఫ్. ఫిర్యాదుకు ఆ చీటీయే మొదటి సాక్ష్యం.

దూరంగా ఉంచవలసిన యాప్‌లు కూడా ఉన్నాయి. జీతానికి వారం ముందు చేతిలో పైస లేనప్పుడు 'ఐదు నిమిషాల్లో అప్పు' అంటూ వచ్చే యాప్‌లు అన్నిటికన్నా ప్రమాదకరం. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇటువంటి అప్పు యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. అప్పు తీసుకునేటప్పుడు ఫోనులోని పేర్లు, ఫోటోలు చూసే అనుమతి తీసుకుని, తర్వాత బంధువులకు, తోటి పనివారికి ఫోన్లు చేసి పరువు తీయడం వారి పద్ధతి. అప్పు యాప్‌లు మన ఫోనులోని కాంటాక్టులను, ఫోటోలను, కాల్ జాబితాను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల తరఫున పనిచేసే అప్పు యాప్‌ల జాబితాను 2025 జూలై నుంచి తన వెబ్‌సైటులో ఉంచుతున్నది. కాంటాక్టులు అడిగిన అప్పు యాప్‌ను అప్పుడే తీసివేయండి. జాబితాలో పేరు లేనిదాన్ని ముట్టుకోవద్దు.

డబ్బు పంపే యాప్‌ల విషయంలో ఒకే సూత్రం గుర్తుపెట్టుకోండి. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను అడిగారంటే మన ఖాతా నుంచి డబ్బు పోతున్నదనే అర్థం. 'మీ పి.ఎఫ్. డబ్బు వచ్చింది, ఓ.టి.పి. చెప్పండి' అని ఫోను చేసేవారెవరూ పి.ఎఫ్. ఆఫీసువారు కారు. మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

మిత్రులారా! ఈ యాప్‌లన్నీ కలిసినా యాజమాన్యాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేవు. పాస్‌బుక్కులో ఖాళీ గడి చూసి ఒక కార్మికుడు ఒంటరిగా టైం ఆఫీసుకు వెళితే 'సిస్టంలో తప్పు' అని పంపించివేస్తారు. అదే డిపార్టుమెంటులోని నలభైమంది అదే నెల ఖాళీగా ఉందని తమ తమ పాస్‌బుక్కులు చూపిస్తే ఆ జవాబు చెల్లదు. అందుకని మా విజ్ఞప్తి ఇది. ప్రతి డిపార్టుమెంటులో ఫోను బాగా తెలిసిన ఇద్దరు యువ కార్మికులు ముందుకు రావాలి. వారిలో ఒకరు సోదరి అయితే హాస్టలులో ఉన్న ఆడపిల్లలకు కూడా ఈ సాయం అందుతుంది. నెలలో ఒక ఆదివారం కూర్చుని పెద్దవారికి పాస్‌బుక్కు తెరిచి చూపించాలి, పిన్నులు, ఓ.టి.పి.లు మాత్రం ఎవరివి వారే కొట్టుకోవాలి. తేడా ఉన్న నెలలను ఒక నోటుబుక్కులో రాసి యూనియన్‌కు అందజేయాలి. ఫిర్యాదు రాయడం, కూడా వచ్చి అడగడం యూనియన్ బాధ్యత.

చెమటోడ్చి సంపాదించిన సొమ్ముకు లెక్క అడగడం మన హక్కు. ఆ లెక్క ఇప్పుడు మన చేతికి అందేంత దూరంలో ఉంది. ఈ నెల 20 దాటగానే తెరిచి చూడండి, పక్కవారి చేత కూడా తెరిపించండి.